గుర్రం కుంటితే వినకూడని సలహాలు

“కాస్త నడిపించండి, అదే సర్దుకుంటుంది.”

గుర్రం కుంటుతోందని తెలియగానే ఎవరో ఒకరు అనే మొదటి మాట ఇది. పెళ్ళి ఊరేగింపులకు గుర్రాన్ని తిప్పే ఆసామి దగ్గర్నుంచి, ఊరి బయట ఫామ్‌హౌస్‌లో ముచ్చటపడి రెండు గుర్రాలు కట్టుకున్న ఉద్యోగి దాకా అందరూ నమ్ముతారు. మనిషికి కాలు పట్టేస్తే నడిస్తే సడలుతుంది కదా అన్నదే వాళ్ళ లెక్క. గిట్ట జబ్బుల్లో ఇంతకు మించి హాని చేసే సలహా మరొకటి లేదని నా గట్టి అభిప్రాయం. నాడాలు కొట్టని గుర్రానికైతే మరీ. “ఉత్త గిట్టలు కదా, రాయి గుచ్చుకుని ఉంటుంది” అని తేలిగ్గా తీసేస్తారు.

గిట్ట పైకి మొద్దులా కనిపిస్తుంది కాబట్టి లోపల ఏముందో ఎవరూ ఆలోచించరు. కాలి చివరి ఎముక గిట్ట లోపల ఉంటుంది. అది గిట్ట అడుగు మీద కూర్చుని లేదు, గిట్ట గోడకు లోపలి వైపు నుంచి వేలాడుతూ ఉంటుంది. మన గోరు కింది కండను పట్టుకున్నట్టే, 550 నుంచి 600 దాకా సన్నని పొరలు ఆ ఎముకనూ గోడనూ కలిపి పట్టి ఉంచుతాయి. ఈ పొరలు దెబ్బతిని పట్టు వదిలేయడాన్నే లామినైటిస్ అంటారు. నాలుగు వందల కిలోల జంతువు బరువంతా ఆ పట్టు మీదే ఆధారపడి ఉంది. పట్టు ఊడుతున్న వేళ గుర్రాన్ని నడిపిస్తే ప్రతి అడుగుకూ పొరలు ఇంకాస్త తెగుతాయి. ఎముక కొన కిందికి తిరుగుతుంది, లేదా ఎముక మొత్తంగా దిగబడుతుంది. ముదిరితే గిట్ట అడుగును చీల్చుకుని బయటికి వస్తుంది.

1973లో అమెరికాలో ట్రిపుల్ క్రౌన్ పందేలు గెలిచిన సెక్రటేరియట్ అనే గుర్రాన్ని 1989 అక్టోబరులో ఈ జబ్బు వల్లే మందిచ్చి శాశ్వతంగా నిద్రపుచ్చాల్సి వచ్చింది. 2006లో ప్రీక్‌నెస్ పందెంలో వెనక కాలు విరిగిన బార్బరో అనే గుర్రానికి ఆ కాలు అతుకుతూనే ఉంది. దాని బదులు బరువు మోసిన కాలి గిట్టకు లామినైటిస్ వచ్చింది. 2007 జనవరిలో దాన్నీ వదులుకోవాల్సి వచ్చింది. ఆ గుర్రాలకు డబ్బుకు గానీ డాక్టర్లకు గానీ కొరత లేదు. అలాంటి జబ్బును “నడిపిస్తే పోతుంది” అనుకోవడం ఎంత దారుణమో ఆలోచించండి.

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. గుర్రం ముందు కాళ్ళు రెండూ ముందుకు చాపి, బరువు వెనక్కి వేసి నిలబడుతుంది. మలుపు తిప్పబోతే మొరాయిస్తుంది. ఒక కాలు ఎత్తమంటే ఎత్తదు, ఎందుకంటే రెండో కాలు ఆ బరువు మోయలేదు. గిట్ట తాకితే వేడిగా ఉంటుంది. గిట్టకు పైన ఉన్న కణుపు వెనక, పక్కగా వేలు పెట్టి చూస్తే నాడి గట్టిగా కొట్టుకుంటూ ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న గుర్రానికి ఆ నాడి దొరకడమే కష్టం. అందుకని గుర్రం బాగున్న రోజుల్లోనే రోజూ అక్కడ వేలు పెట్టి చూడడం అలవాటు చేసుకోండి. మామూలు నాడి తెలిసిన వేలికి తేడా వెంటనే తెలుస్తుంది.

ఈ గుర్తులు కనిపిస్తే గుర్రాన్ని ఉన్నచోట నుంచి కదిలించకండి. డాక్టరుకు ఫోన్ చేయండి. ఆయన వచ్చేలోగా గిట్టలు ఐసు నీళ్ళలో ఉంచండి. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ పొల్లిట్ బృందం చేసిన పరిశోధనల తర్వాత ఆరంభ దశలో ఈ పద్ధతికి ప్రపంచమంతా గుర్తింపు వచ్చింది. ఐసుతో ఒక పావుగంట కాపడం పెట్టి వదిలేస్తే లాభం లేదు. గిట్టా, దాని పైన కాలూ మునిగేలా, రెండు మూడు రోజులు ఆపకుండా చల్లగా ఉంచాలి. కష్టమే. చేపల మార్కెట్లో దిమ్మల లెక్కన దొరికే ఐసు, లోతైన రబ్బరు తొట్లు, రాత్రి మేలుకుని ఉండే మనుషులు కావాలి. కాళ్ళ కింద ఊకో, ఇసుకో, రంపపు పొట్టో జానెడు మందాన పరవండి. అవేవీ లేకపోతే రెండంగుళాల థర్మకోల్ ముక్కలు గిట్ట ఆకారానికి కోసి టేపుతో కట్టండి. అవి నలిగి గిట్ట అచ్చుకు ఒదిగిపోతాయి, అడుగంతటికీ ఆసరా దొరుకుతుంది.

“నీరసపడింది, ఉలవలు ఉడకబెట్టి బెల్లం కలిపి పెట్టండి.”

ఈ సలహా ఇచ్చేవాళ్ళకు గుర్రమంటే ప్రేమ. అందుకే కాదనడం కష్టం. జబ్బు పడ్డ జీవికి నాలుగు గుగ్గిళ్ళు పెట్టడం మన ఇళ్ళల్లో పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. కానీ లామినైటిస్ వచ్చిన గుర్రాల్లో చాలా వాటికి ఆ జబ్బు తెచ్చిపెట్టింది ఆ తొట్టిలోని దాణానే. గుర్రం గడ్డి కోసం పుట్టిన జంతువు. దాని పొట్ట ఒంటితో పోలిస్తే చాలా చిన్నది. దాణా ఒక్కసారిగా ఎక్కువ పడితే చిన్నపేగులో అరగని పిండి పదార్థం పెద్దపేగుకు చేరి పులుస్తుంది. ఆమ్లం పెరిగి అక్కడి మేలు చేసే సూక్ష్మజీవులు చస్తాయి, వాటి నుంచి విడుదలైన విషాలు రక్తంలో కలుస్తాయి. దెబ్బ మాత్రం ఎక్కడో దూరాన ఉన్న గిట్టల్లో తేలుతుంది. గుర్రం రాత్రి మూత తీసి ఉన్న దాణా బస్తాలో మూతి పెట్టిందని తెలిస్తే, అది కుంటే దాకా ఆగకుండా అప్పుడే డాక్టరును పిలవాలని చెప్పేది ఇందుకే.

ఈ జబ్బు వచ్చే ఇంకో దారి ఇన్సులిన్. పని తక్కువా తిండి ఎక్కువా అయ్యి, మెడ పైభాగం గట్టి దిమ్మలా కొవ్వు పట్టిన గుర్రాల ఒంట్లో ఇన్సులిన్ తరచు ఎక్కువగా ఉంటుంది. మరే జబ్బూ లేని పోనీల ఒంట్లో ఇన్సులిన్‌ను పెంచి ఉంచితే చాలు, లామినైటిస్ వస్తుందని 2007లో క్వీన్స్‌లాండ్ పరిశోధకులే చూపించారు. అలాంటి గుర్రానికి బెల్లం పెట్టడమంటే జబ్బుకు మేత వేయడమే. పెళ్ళిళ్ళ సీజను అయిపోయాక గుర్రాలను నెలల తరబడి కట్టేసి ఉంచి, ఊరేగింపుల రోజుల్లో పెట్టినంత దాణా పెడుతూ పోతారు చూడండి, ఈ జబ్బు ఎక్కువగా దొరకబుచ్చుకునేది వాటినే. దాణా పూర్తిగా ఆపండి. ఎండుగడ్డిని గంటసేపు నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి పెట్టండి. చక్కెర కొంత ఆ నీళ్ళతో పోతుంది.

అలాగని “నాలుగు రోజులు పస్తు పెట్టండి, కొవ్వు కరుగుతుంది” అనేవాళ్ళ మాటా వినకండి. ఇదీ ప్రమాదమే. లావుగా ఉన్న పోనీలనూ గాడిదలనూ ఒక్కసారిగా పస్తు పెడితే ఒంట్లోని కొవ్వు రక్తంలోకి పొంగి కాలేయాన్ని ముంచేస్తుంది. ప్రాణమే పోవచ్చు. 400 కిలోల గుర్రానికి రోజుకు ఆరు నుంచి ఎనిమిది కిలోల ఎండుగడ్డి, కొంచెం కొంచెంగా రోజంతా అందాలి.

“చీము పట్టింది, కత్తితో లోతుగా తవ్వేయండి.”

గిట్టలో చీముగడ్డ లామినైటిస్ కన్నా ఎక్కువగా కనిపించేది, బాగయ్యేది కూడా. నిన్న గెంతిన గుర్రం ఇవాళ ఒక కాలు నేలకే ఆనించదు. కాలు విరిగిందేమో అని ఇంటిల్లిపాదీ హడలిపోతారు. సాధారణంగా ఒక్క కాలికే వస్తుంది, లామినైటిస్‌కూ దీనికీ తేడా పట్టించే మొదటి గుర్తు అదే. గిట్ట గోడ అడుగుతో కలిసే తెల్ల గీత దగ్గర సందు దొరికితే మట్టీ, దాంతో పాటు సూక్ష్మజీవులూ లోపలికి పోతాయి. గోడ గట్టిది, సాగదు. లోపల చీము పెరుగుతుంటే ఒత్తిడికి భరించలేని నొప్పి. నాడా లేని గుర్రాల్లో గిట్ట అంచు పెరిగి చీలితే ఇలా జరిగే అవకాశం ఎక్కువ.

అనుభవం ఉన్న డాక్టరో, నాడాలు కొట్టడంలో చెయ్యి తిరిగిన నాల్‌బందో పటకారుతో అడుగంతా నొక్కి చూసి, నొప్పి ఉన్న చోట తెల్ల గీతలో కనిపించే నల్ల జాడను పట్టుకుని చిన్న కన్నం చేస్తారు. బూడిదరంగు చీము చిమ్మగానే గుర్రం తెరిపిన పడడం కళ్ళకు కనిపిస్తుంది. ఆ కన్నం చిన్నదిగా ఉండడమే పనితనం. చీము దొరకలేదని తవ్వుకుంటూ పోతే రక్తం ఊరే సజీవ కణజాలం తగులుతుంది. అది ఆ గుంటలోంచి పైకి ఉబుకుతుంది. వారంలో మానాల్సింది నెలలు పడుతుంది. చీము దొరక్కపోతే కత్తి కింద పెట్టండి. గోరువెచ్చని నీళ్ళలో ఎప్సమ్ ఉప్పు కలిపి పూటకు పావుగంట గిట్టను ముంచండి, వేడి తవుడు పట్టు వేసి కట్టండి. గిట్ట మెత్తబడితే చీము తన దారి తాను చూసుకుంటుంది, ఒక్కోసారి పైకి పాకి గిట్ట మొదట్లో, చర్మం కలిసే చోట పగులుతుంది. కట్టుకు పిల్లల డైపరు బ్రహ్మాండంగా పనికొస్తుంది. గిట్టకు సరిగ్గా సరిపోతుంది, తడి ఆపుతుంది. దాని మీద గట్టి టేపు చుట్టండి, కానీ టేపు గిట్ట దాటి చర్మం మీదికి ఎక్కకూడదు. ఎక్కితే రక్తప్రసరణ ఆగిపోతుంది. చీము కారడం ఆగాక ఇక నానబెట్టొద్దు, పొడి కట్టే కట్టాలి. ఎప్పుడూ నానుతూ ఉన్న గిట్ట మళ్ళీ చీము పడుతుంది.

మేకు గుచ్చుకున్న గిట్ట సంగతి వేరే చెప్పాలి. షామియానాలు వేసిన వీధుల్లో, కడుతున్న ఇళ్ళ పక్కన ఇది మామూలే. “ముందు మేకు పీకేయండి, పసుపు పెట్టండి” అని పదిమందీ అరుస్తారు. మేకు ఇంకా లోపలికి దిగే ప్రమాదం లేకపోతే పీకకండి. డాక్టరు ఎక్స్‌రే తీస్తే అది ఎంత లోతుకు, ఏ వైపుకు పోయిందో తెలుస్తుంది. పీకిన మరుక్షణం గిట్ట ఆ కన్నాన్ని మూసేస్తుంది. గుర్రాన్ని నిలబెట్టి, మేకుకు రెండు వైపులా చెక్క ముక్కలు కట్టి నేల తగలకుండా చేయవచ్చు. తప్పనిసరై పీకాల్సి వస్తే ముందు ఫోటో తీయండి, పీకాక కన్నం చుట్టూ గుర్తు గీయండి, మేకును పారేయకుండా డాక్టరుకు చూపించండి. గిట్ట అడుగున మధ్యలో త్రికోణంగా మెత్తగా ఉండే ఫ్రాగ్ మీదో, దాని పక్క గాడిలోనో గుచ్చుకుంటే అది అత్యవసరమే. దాని పైనే కీళ్ళ సంచీ, కండర తాడూ ఉన్నాయి. అక్కడికి చీము చేరితే రెండు రోజుల ఆలస్యం గుర్రాన్ని మిగల్చదు. కుంటు తక్కువగా ఉంది కదా అని చూస్తూ కూర్చోవద్దు.

“మెడికల్ షాపులో నొప్పి సూది దొరుకుతుంది, పొడిపించేయండి.”

దీని వెనక ఉన్న తొందర నాకు అర్థమవుతుంది. గుర్రం నిలబడిపోతే పూట గడవని ఇళ్ళున్నాయి. పాడేరు, చింతపల్లి మన్యంలో బండి పోని కొండ దారుల మీద సరుకు మోసే గుర్రం ఆగితే ఆ ఇంటికి సంత ఆగినట్టే. పెళ్ళి బయానా తీసుకున్నవాడికి సాయంత్రానికల్లా గుర్రం నడవాలి. కానీ నొప్పి ఆ గుర్రాన్ని కదలకుండా ఆపుతోంది, ఆ ఆపడం వల్లే లోపలి పొరలు మిగులుతున్నాయి. సూది వేసి ఊరేగింపుకు తోలితే అది నొప్పి తెలియక నడుస్తుంది, గిట్ట పాడవుతుంది. నొప్పి మందు వద్దని నేననను. గుర్రం బాధ తగ్గించాల్సిందే, లామినైటిస్‌లో అది వైద్యంలో ముఖ్య భాగం. మందూ మోతాదూ డాక్టరు చెప్పాలి, మందు ఇచ్చినన్నాళ్ళూ గుర్రం విశ్రాంతిలో ఉండాలి. స్టెరాయిడ్ సూదులు మాత్రం లామినైటిస్ ఉన్నప్పుడు దగ్గరికి రానివ్వకండి.

ఇంకొకటి. పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని మన దేశంలో 2006లోనే నిషేధించారు. ఆ మందు ఒంట్లో ఉండి చచ్చిన పశువును తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై చచ్చిపోతాయి. 2023లో కీటోప్రొఫెన్, ఏసిక్లోఫెనాక్‌లను కూడా ఆపారు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్ళు పెట్టుకున్నాయని తెలిసి మనమంతా సంతోషించాం. మనుషుల డైక్లోఫెనాక్ గుర్రానికి పొడిచే చెయ్యి అలాంటి పక్షులనూ చంపగలదు. మెలాక్సికమ్ లాంటి మందు ఉంది, రాబందులకు హాని లేనిది. అదే అడగండి.

వాతలు పెట్టించడం, గిట్టకు పాత ఇంజనాయిల్ పూయడం, కిరసనాయిలు పోయడం గురించి ఎక్కువ చెప్పను. వాత వల్ల గిట్టకు ఏ మేలూ జరగదు, ఉన్న నొప్పికి కాలిన పుండు తోడవుతుంది. ఫ్రాగ్ గాళ్ళలో నల్లటి కుళ్ళు పట్టి కంపు కొడుతుంటే దాని మీద ఫార్మలిన్, బ్లీచింగు పోస్తారు. కుళ్ళుతో పాటు బతికున్న కణజాలమూ మాడిపోతుంది. ఆ కుళ్ళు మూత్రం, పేడ కలిసిన తడి నేల వల్ల వస్తుంది. రోజూ గిట్ట గీకి, ఆరబెట్టి, నేల మారిస్తే చాలావరకు పోతుంది. నేల సంగతి 2,300 ఏళ్ళ కిందటే గ్రీకు సైనికుడు జెనొఫోన్ రాశాడు. తడిగా, నున్నగా ఉన్న నేల మంచి గిట్టలను కూడా పాడు చేస్తుందన్నాడు. లాయం బయట చేతిలో పట్టేంత గుండ్రాళ్ళు బళ్ళకొద్దీ పరిచి, గుర్రాన్ని వాటి మీద నిలబెట్టి మాలిష్ చేయమన్నాడు. మేకులు కొట్టే నాడాలు లేని కాలం అది. ఆరోగ్యంగా ఉన్న గిట్టకు ఇప్పటికీ అంతకన్నా మంచి నేల లేదు. జబ్బు పడ్డ గిట్టకు మాత్రం ఆ రాళ్ళు పనికిరావు, ముందు మెత్తని ఇసుకే.

“నాడా కొట్టించేస్తే పోతుంది” అనేవారు ఒక పక్క. “నాడా పేరెత్తొద్దు, అడవి గుర్రాలకు ఎవరు కొట్టారు, నొప్పి అలవాటవుతుంది” అనేవారు మరో పక్క. నాకు ఉత్త గిట్టల మీద నమ్మకం ఉంది. గిట్ట నేలను తాకినప్పుడల్లా వెనక భాగం విప్పారి, రక్తం ఆడి, అదురు తగ్గుతుంది. అయినా రెండో పక్షం వారిదే నాకు ఎక్కువ కోపం తెప్పించే సలహా. అమెరికా నెవాడా ప్రాంతంలో అడవి గుర్రాల గిట్టలు చూసి జేమీ జాక్సన్ 1992లో పుస్తకం రాశాడు, నాడాలు వద్దనే ఉద్యమానికి ఊపు వచ్చింది అక్కడే. ఆ గుర్రాలు ఎండిన గరుకు నేల మీద రోజూ మైళ్ళు నడుస్తాయి, చక్కెర తక్కువ ఉన్న గడ్డి మేస్తాయి. మనవి పేడలో నిలబడి ఉలవలు తింటాయి. పైగా ఆస్ట్రేలియాలో అడవి గుర్రాల గిట్టలు పరీక్షిస్తే వాటిలోనూ లామినైటిస్ కనిపించింది. గుర్రం రాళ్ళ మీద మూతి ముడిచి, చెవులు వెనక్కి పెట్టి నడుస్తుంటే అది అలవాటు పడడం లేదు, బాధ పడుతోంది. రబ్బరు బూట్లు, లోపల మెత్తని ప్యాడు వేసి నడిపించండి. కొన్ని గుర్రాలకు డాక్టరు చెప్పిన ప్రత్యేక నాడా కొన్నాళ్ళు అవసరమే కావచ్చు. అప్పుడు సిద్ధాంతం పక్కన పెట్టండి. కాకపోతే గిట్ట నొప్పిగా ఉన్నప్పుడు సుత్తితో కొట్టించొద్దు.

గిట్ట గోడ నెలకు ఆరు నుంచి పది మిల్లీమీటర్లే పెరుగుతుంది. పైన చర్మం దగ్గర పుట్టిన కొత్త గోడ ముందు వైపు నేలను చేరడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది. దీన్ని ఏ మందూ, ఏ నూనే తొందరపెట్టలేదు. కొత్తగా దిగుతున్న గోడ పాత గోడ కన్నా నిటారుగా వస్తుంటే లోపలి పట్టు కుదురుతోందన్న మాట. ఆ ఏడాది పొడుగునా నాలుగైదు వారాలకోసారి ఆకురాయితో ముందు అంచు వెనక్కి తేవాలి. అడుగు మాత్రం కోయొద్దు. “శుభ్రంగా ఉంటుంది” అని నున్నగా చెక్కే నాల్‌బందు చెయ్యి పట్టుకుని ఆపండి, లోపలి ఎముకకూ నేలకూ మధ్య ఉన్నది ఆ మందమే. నొప్పి మందు ఆపాక కూడా నాడి మామూలుగా ఉండి, గుర్రం తనంతట తాను చురుగ్గా తిరుగుతుంటేనే మెత్తని నేల మీద అయిదు నిమిషాల నడక మొదలుపెట్టండి. గుండ్రంగా తిప్పొద్దు. మర్నాడు నాడి చూసి, తేడా లేకపోతేనే పెంచండి.

ఇవాళే చేయగలిగినవి రెండున్నాయి. గిట్టకు ఏ చిన్న గాయమైనా ధనుర్వాతానికి దారి, గుర్రం ఆ జబ్బుకు ఇట్టే లొంగిపోతుంది. మీ గుర్రానికి ఆ టీకా పడిందో లేదో చూసి, పడకపోతే నెల తేడాతో రెండు మోతాదులు, తర్వాత ఏడాదికోసారి వేయించండి. రెండోది, తెలంగాణలోనూ ఆంధ్రలోనూ సంచార పశువైద్యానికి పిలిచే నంబరు 1962. గుర్రాన్ని చూసుకునే సైసుకు చదువు వచ్చినా రాకపోయినా ఆ నాలుగు అంకెలు కంఠతా వచ్చేలా నేర్పండి. గుర్రం కుంటిన రాత్రి మీరు ఊళ్ళో లేకపోయినా, పక్కవాళ్ళ సలహా కన్నా ముందు డాక్టరు మాట దానికి అందాలి.